ఇనుప తలుపు వెనక పట్టు మగ్గాలు

మా ముత్తాత వీరభద్రప్ప శెట్టి. యెమ్మిగనూరులో ఆయన పెట్టుబడి మీద నూరు మగ్గాలు ఆడేవి, కొన్ని మా నడవలో, తక్కినవి నేతగాళ్ల ఇళ్లలో. ఆదోని నుంచి నూలు బండ్లు వస్తే మొదట మా వాకిట్లో ఆగి, ఆ తర్వాతే బజారుకు పోయేవి. మా తాత బసవప్ప శెట్టి కాలంలో జాతర రథానికి కట్టే కొత్త బట్ట మా ఇంటినుంచి మేళతాళాలతో వెళ్లేది. కోసిగి, గోనెగండ్ల వైపు పెళ్లి కుదిరితే ఆడవాళ్లు మొదట అడిగే మాట "శెట్టి ఇంటి చీర పెట్టినారా?" అని. మా నాన్న చంద్రశేఖరప్పగారు ఆ ఇంటి చివరి షావుకారు. నేను ఆ ఇంటి మొదటి జీతగాణ్ణి. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను.

ఇదంతా గొప్పకే చెబుతున్నాను. చెప్పుకోవడానికి ఒక్క తలుపు తప్ప ఇంకేమీ మిగలలేదు. రెండు రెక్కల టేకు తలుపు. రెక్కల నిండా ఇత్తడి పువ్వులు, పైన బరువైన గొలుసు. అందరి ద్వారబంధాల మీదా గజలక్ష్మి ఉంటుంది. మా ముత్తాత మాత్రం నడిమధ్య నాడె చెక్కించాడు. నాడె అంటే నేసేటప్పుడు పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే చిన్న చెక్క పడవ. నేతగాళ్లు ఆ తలుపు ముందు చెప్పులు విడిచి, నూలు తీసుకుపోయేవాళ్లు.

అలా చెప్పులు విడిచినవాళ్లలో నాగన్న ఒకడు. అతని చిన్న కొడుకు మద్దిలేటికి ఇవాళ ఆదోనిలో ఎరువుల దుకాణం, సిరుగుప్ప రోడ్డులో మూడంతస్తుల కొత్త ఇల్లు ఉన్నాయి. ఆ ఇంటికి మా తలుపు కావాలని అతని కోరిక. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఇవ్వనన్నాను.

మూడోసారి వచ్చినప్పుడు తలుపు మాట ఎత్తలేదు. ఎరువుల కంపెనీవాళ్లు డీలర్లను ట్యునీషియా తీసుకుపోతున్నారనీ, టార్గెట్ దాటినందుకు తనకు రెండు టిక్కెట్లు వచ్చాయనీ చెప్పాడు. మన పొలాల్లో చల్లే భాస్వరం ఎరువుకు రాయి చాలావరకు అలాంటి దేశాల్లోనే దొరుకుతుందట.

"మా ఆడామె విమానం ఎక్కనంటాది శెట్టెప్పా. నువ్వు రా. నాకు యూరియా, డీఏపీ తప్ప ఇంగ్లీషు రాదు."

వాళ్ల నాన్న మా నాన్నగారిని తమరు అనేవాడు. మద్దిలేటి నన్ను నువ్వంటాడు. అయినా మా వంశంలో సముద్రం దాటే మొదటివాణ్ణి నేనే అవుతాను. వస్తానన్నాను. తలుపు సంగతి ఎత్తకూడదని షరతు పెట్టాను.

"ఎత్తను. పిల్లల మీద ప్రమాణం."

సముద్రం పక్క హోటలు

కంపెనీ మాకు బస ఇచ్చిన చోట సముద్రం ఉంది, సముద్రం పక్కనే ఈతకొలను కూడా ఉంది. బళ్లారి, రాయచూరు, కర్నూలు డీలర్లంతా సముద్రానికి వీపు పెట్టి కొలనులో కూర్చున్నారు. పొద్దున బల్లల మీద ముప్పై రకాల రొట్టెలు పెట్టారు. మద్దిలేటి వాటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి గదికి తిరిగి వచ్చేశాడు. యెమ్మిగనూరు నుంచి బొరుగులు తెచ్చుకున్నాడు. స్నానాలగదిలో వాటిని తడిపి, పిండి, ఉల్లిగడ్డ తరిగి, పప్పుల పొడి చల్లి, పచ్చి ఉగ్గాని చేశాడు. ఆ వాసనకు గది ఊడ్చే ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది. మద్దిలేటి గుప్పెడు ఆమె చేతిలో పోశాడు. తిని, కళ్లు తుడుచుకుని, మళ్లీ చెయ్యి చాపింది.

ఆమె సొంత ఊరు మహదియా అట. మా వృత్తి ఏమిటని అడిగింది. "నేత" అని నేను చెప్పేలోపే మద్దిలేటి చేతులతో మగ్గం ఆడించి చూపించాడు. ఆమె ముఖం వెలిగింది. తన ఊళ్లో ఇంకా చేత్తో పట్టు నేస్తారనీ, పెళ్లికూతుళ్ల బట్టలన్నీ అక్కడివేననీ చెప్పింది. మర్నాడే గుంపును వదిలి మేమిద్దరం మహదియాకు బయల్దేరాం.

దారి పొడుగునా ఎర్రటి ఎండు నేల. దేవనకొండ దాటితే కనిపించే నేలే. మా దగ్గర ఆ నేలలో వాన తప్పితే వేరుశనగ ఎండిపోతుంది, ఊళ్లకు ఊళ్లు సుగ్గికని, పరాయి ఊళ్లలో కూలి పనులకు, మూటలు కట్టుకుని బస్సెక్కుతాయి. అక్కడ అదే నేలలో, దువ్వెనతో దువ్వినట్టు, ఒలీవ చెట్లు. తాతలు నాటినవి మనవలు కోసుకుంటున్నారు. కిటికీలోంచి చూస్తూ ఉంటే నాకు కడుపులో మంట మొదలైంది. ఆ మంట తిరిగి వచ్చేదాకా చల్లారలేదు.

నల్ల దారి

మహదియా పాత ఊరు సముద్రంలోకి చాచిన చెయ్యిలా ఉంటుంది. ఆ చేతికి మణికట్టు దగ్గర ఒకటే వాకిలి. అది వాకిలి కూడా కాదు, కోటగోడలోపల పొడుగాటి చీకటి సొరంగం. నల్ల దారి అంటారు. ఆదోని కోట చూస్తూ పెరిగినవాళ్లకు కోటగోడలు కొత్త కాదు. కానీ మా కోటలో మేకలు మేస్తాయి. వాళ్ల కోటలో వ్యాపారం జరుగుతుంది. చీకట్లో రెండు పక్కలా చిన్న చిన్న దుకాణాలు, జరీ మెరుపులు, పెళ్లి దుస్తులు బేరం చేస్తున్న ఆడవాళ్లు.

నేను పంచె, కండువాలో ఉన్నాను. ప్యాంటు వేసుకోమని మద్దిలేటి బతిమాలినా వినలేదు. పిల్లలు "హింద్! హింద్!" అంటూ వెంటపడ్డారు. ఒక ముసలాయన హిందీ సినిమా పాట ఎత్తుకున్నాడు. మద్దిలేటి ఆదోని ఉర్దూలో మాట కలిపాడు. కుర్సీ, సాబూన్ లాంటి మాటలు వాళ్లకూ ఉన్నాయి. ఆ కొద్ది మాటలతోనే సంసారం నడిపేశాడు. ముసలాయనకు పుదీనా టీ తాగించాడు, తాను తాగాడు, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నేను పక్కనే నిటారుగా నిలబడి ఉన్నాను. నాతో ఎవరూ పాట పాడలేదు.

రెండో సందు తిరగగానే ఆ తలుపు కనబడింది.

నీలిరంగు పెద్ద తలుపు. దాని మీద నల్లటి మేకులతో నక్షత్రాలు, చేపలు, ఇంకేవో తీగలు. చుట్టూ చెక్కిన పసుపురంగు రాయి. తలుపు మీద తట్టడానికి మూడు ఇనుప కడియాలు. కుడివైపు పెద్దది, ఎడమవైపు కాస్త చిన్నది, కింద చెయ్యి అందేంత ఎత్తులో మరీ చిన్నది. చాలాసేపు నిలబడ్డాను. ఇంత తలుపు నిలబెట్టుకున్న కుటుంబం ఏదో, ఎంత కలిసొచ్చిందో వాళ్లకు, ఎవరూ ఏమీ అమ్ముకోలేదు కాబోలు అనుకున్నాను. ఊరూ పేరూ తెలియని వాళ్లమీద అంత అసూయ పడటం నా జీవితంలో అదే మొదలు.

మద్దిలేటి నా ముఖం చూశాడు, తలుపు చూశాడు, మళ్లీ నా ముఖం చూశాడు.

"నేనేమీ అనలే" అన్నాడు.

హేదీ ఇల్లు

పక్క సందులో నడుస్తుంటే మద్దిలేటి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు శెట్టెప్పా. మగ్గం."

నాకూ వినిపించింది. ఒక ఇనుప తలుపు వెనకనుంచి వస్తోంది. గోదాములకు పెట్టే రేకు తలుపు, అక్కడక్కడ తుప్పు. మద్దిలేటి అరచేత్తో బాదాడు. ముప్పై ఐదేళ్ల ఆమె తీసింది. పేరు సల్మా. బడిలో ఇంగ్లీషు చెబుతుందట. నేనూ అదే పని చేశానని తెలిశాక నన్ను సార్ అనడం మొదలుపెట్టింది. ట్యునీషియాలో నాకు దొరికిన మొదటి మర్యాద అది.

లోపల ఒకే పొడుగాటి గది, రెండు మగ్గాలు. కాళ్లు గుంటలోకి దించి నేసే మన గుంటమగ్గాలు కావు, బల్లమీద కూర్చుని నేసేవి. ఒకదానిమీద ఎర్రపట్టు, బంగారు చారలు. రెండోదాని ముందు వాళ్ల నాన్న హేదీ వంగి కూర్చుని పోగులు అతుకుతున్నాడు. డెబ్భై దాటిన మనిషి. కళ్లద్దాలకు దారం కట్టుకున్నాడు.

అతకడం అంటే నేత తెలియనివాళ్లకు చెప్పాలి. బట్ట అయిపోయాక పడుగు కొసలను పూర్తిగా తీసెయ్యరు. మగ్గంలోనే కొంత వదిలేస్తారు. కొత్త పడుగు తెచ్చి, దాని ఒక్కొక్క పోగునూ పాత కొసకు మెలిపెడతారు. వేల పోగులు ఉంటాయి. అలా చేస్తే మగ్గం ఎప్పుడూ ఖాళీ కాదు. యెమ్మిగనూరులోనూ ఇదే పద్ధతి. అక్కడా అదే చూసి మద్దిలేటి తెగ మురిసిపోయాడు.

"ఈ మగ్గం మా తాత కాలం నుంచి ఒక్కరోజూ ఖాళీగా లేదు" అన్నాడు హేదీ. సల్మా ఇంగ్లీషు చేసింది. "తాత వదిలిన కొసలకు మా నాన్న అతికాడు, మా నాన్న కొసలకు నేను."

మా మగ్గాలు ఇంట్లోంచి పోయిన రోజు నాకు పదేళ్లు. కొనుక్కున్నవాళ్లు తొందరలో కొసలన్నీ కత్తితో కోసి నడవలో కుప్ప వేశారు. మా అమ్మ చీపురుతో ఊడ్చింది. "షావుకారు ఇంటికి తలుపు ముఖం, అది చాలు" అన్నారు నాన్నగారు. ఆ మాటమీదే ఇన్నేళ్లు నిలబడ్డాను.

మద్దిలేటికి చేతులు ఆగడం లేదు. "జరగమను శెట్టెప్పా, నేనూ నాలుగు పోగులు పడతా. కాస్త బూడిద అడుగు."

మన నేతగాళ్లు వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెడతారు, జారకుండా. నేను బూడిద కావాలని అడిగాను. సల్మా లోపలికి వెళ్లి యాష్ ట్రే తెచ్చింది. కడిగి తుడిచినది, అద్దంలా ఉంది.

"ఇందులో యాడుంది బూడిద? కొత్త పళ్లెం తెచ్చిచ్చినాది!" అన్నాడు మద్దిలేటి.

నేను వేళ్లు రుద్ది చూపిస్తే హేదీకి అర్థమైంది. వెంటనే మగ్గం చట్రం మీద ఎక్కడో చెయ్యిపెట్టి, దాచిన సిగరెట్టు ఒకటి తీసి వెలిగించాడు.

"మానేశానన్నావు కదా నాన్నా!" అని సల్మా అరిచింది.

"అతిథి బూడిద అడిగాడు. ఇవ్వకపోతే మర్యాదా?" అన్నాడు హేదీ, తీరిగ్గా పొగ పీల్చి, బూడిద యాష్ ట్రేలో రాలుస్తూ.

మద్దిలేటి వేళ్లకు అద్దుకుని మెలిపెట్టిన మొదటి నాలుగు పోగులూ ఊడిపోయాయి. దుకాణంలో కూర్చున్న చేతులు, పైగా ఇది పట్టు. హేదీ పడీపడీ నవ్వాడు. మద్దిలేటి అతనికంటే ఎక్కువ నవ్వాడు. ఐదోది నిలిచింది. ఇంకేముంది, ఫోను తీసి వాళ్ల అన్న గోవిందుకు వీడియో కాల్ చేశాడు. గోవిందు ఇప్పటికీ యెమ్మిగనూరులో, వానకు కారే రేకుల షెడ్డులో నేస్తున్నాడు.

"అన్నా, జూడు! ఈడ గూడా మన పనే చేస్తాండారు!"

గోవిందు గుంటలోంచి తల పైకెత్తాడు. "ఆయప్ప కాళ్లు యాడ పెడతాండాడో చూపీరా. మొగం కాదు, కాళ్లు, కాళ్లు!"

హేదీ బల్లమీదనుంచి కాళ్లెత్తి చూపించాడు. గోవిందు తన గుంట చూపించాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు.

నేను గోడకు ఆనుకోకుండా నిలబడే ఉన్నాను. ఎవరూ నన్ను కూర్చోమనలేదని కాదు. మా ఇంట్లో ఎవరూ మగ్గం మీద కూర్చోలేదు. చివరికి హేదీయే నా వైపు తిరిగాడు.

"మా ఇంట్లో నూరు మగ్గాలు ఉండేవి" అన్నాను.

అతను గౌరవంగా తల ఊపాడు. తర్వాత, తోటి పనివాణ్ణి అడిగినట్టు, మామూలుగా అడిగాడు. "వాటిలో మీరు నేసింది దేనిమీద?"

సల్మా ఆ ప్రశ్న ఇంగ్లీషులో చెప్పింది. మద్దిలేటికి అర్థం కాలేదు. అర్థం కానందుకు ఆ దేవుడికి దండం పెట్టుకున్నాను. "మా నాన్నగారి కాలంలో" అని ఏదో గొణిగాను. నాగన్న కొడుకు ఆ బల్లమీద హేదీ భుజానికి భుజం ఆనించి కూర్చుని ఉన్నాడు. ఆ పూట నాకు హేదీమీద ఉన్న అసూయ చిన్నది, మద్దిలేటిమీద ఉన్నది పెద్దది.

శుక్రవారం భోజనం

మర్నాడు శుక్రవారం. శుక్రవారం మధ్యాహ్నం ఊళ్లో ప్రతి ఇంటా కుస్కుస్ వండుతారు. గోధుమనూకను ఆవిరిమీద ఉడికించి, కూరో చేపో పైన పేరుస్తారు. మన కొర్రన్నంలా పొడిపొడిగా ఉంటుంది. మమ్మల్ని భోజనానికి పిలిచారు. పెద్ద వెడల్పు పళ్లెం ఒక్కటే మధ్యలో పెట్టి, ఎవరి ముందున్నది వాళ్లు తింటారు. నేను మాంసం ముట్టనని సల్మాకు ముందే చెప్పాను. నా కోసం గుమ్మడికాయ, శనగలు వేసి వేరే గిన్నె పెట్టింది. అలా ఆ పళ్లెం చుట్టూ నేనొక్కణ్ణే వేరే గిన్నెవాణ్ణి అయ్యాను.

మిరపకాయలు నూరి నూనె పోసిన ఎర్రటి ముద్ద ఒకటి ఉంది. జాగ్రత్త అన్నారు. మద్దిలేటి చెంచాడు తీసుకుని నాలికమీద పెట్టుకున్నాడు.

"ఇది కారమా? మా ఊళ్లో పసిపిల్లోళ్లకు ఇట్లాంటిది నాలిక్కి రాస్తారు." అని ఇంకో చెంచా తీసుకున్నాడు. హేదీ వాళ్లావిడ తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుని నవ్వింది. చేప ముల్లు తీసి అతనికే ముందు పెట్టింది.

తిన్నాక నాకు మనసులో ఉన్నది అడిగాను. పక్క సందులో ఆ నీలి తలుపు ఎవరిదని, ఆ వంశంవాళ్లు ఇంకా ఉన్నారా అని.

సల్మా తల దించుకుని పళ్లెం తీసింది. హేదీ చెయ్యి తుడుచుకుని, తన గుండెమీద చెయ్యి పెట్టుకుని వంగాడు, దర్బారులో వంగినట్టు.

"మాదే. మా ముత్తాత పెట్టించాడు. ఇప్పుడది హోటలు."

నేను ఆ రేకు తలుపు వైపు చూశాను. అందరూ నేను చూడటం చూశారు.

అతను చెప్పింది ఇది. ఒక ఏడు పట్టు ధర విపరీతంగా పెరిగింది. నలుగురు నేతగాళ్లు మగ్గాలు విప్పి కట్టెలకింద అమ్ముకున్నారు. హేదీ తలుపూ, రాతి ద్వారమూ, ఇంటి ముందు సగమూ హోటలువాళ్లకు ఇచ్చేశాడు. వెనకసగం ఉంచుకుని, సందులోకి ఒక ఇనుప తలుపు పెట్టించుకున్నాడు. పట్టు కొన్నాడు. మగ్గం ఖాళీ కాలేదు.

"వీధిలో మీ గౌరవం ఏమైంది?" అని అడిగాను. సల్మా నా వైపు ఒక క్షణం చూసి, మాట మార్చకుండానే తండ్రికి చెప్పింది.

హేదీ ఆలోచించాడు. "వీధికి మేమెవరమో తెలుసు కదా. తలుపు చూసి తెలుసుకోవాల్సినవాళ్లు మీలా వచ్చిపోయేవాళ్లే."

"నాన్న ఇప్పుడు అలా అంటాడు సార్" అంది సల్మా, ఇంగ్లీషులో, తండ్రికి అర్థం కాకుండా. "నేను ఏడాది పాటు ఆ సందులో నడవలేదు. చుట్టూ తిరిగి బడికి వెళ్లేదాన్ని."

సాయంత్రం హేదీ మమ్మల్ని ఆ హోటలుకే టీకి తీసుకుపోయాడు. నేసిన రెండు దుప్పట్లు భుజాన వేసుకున్నాడు, అక్కడ ఇవ్వడానికి. తలుపు ముందు ఆగి, మూడు కడియాల సంగతి చెప్పాడు. పెద్దది మగవాళ్లకు, రెండోది ఆడవాళ్లకు, కిందది పిల్లలకు. మూడింటికీ మూడు చప్పుళ్లు. లోపలివాళ్లకు వచ్చింది ఎవరో చప్పుడుతోనే తెలిసిపోతుంది, తెరవాల్సినవాళ్లు లేస్తారు. మా ఊళ్లో అయితే దగ్గు విని గుర్తుపట్టాలి.

చెప్పి, హేదీ వంగాడు. డెబ్భై దాటిన మనిషి, భుజాన దుప్పట్లతో, ఒక చెయ్యి మోకాలిమీద పెట్టుకుని వంగి, కింద ఉన్న పిల్లల కడియంతో టక్ టక్ అని కొట్టాడు.

"అలవాటు" అన్నాడు.

లోపలినుంచి వచ్చిన కుర్రవాడు తెరుస్తూనే అతని పేరుతో పలకరించాడు. హేదీ తన తలుపులోంచి, తన బట్ట మోసుకుంటూ, తల వంచకుండా లోపలికి వెళ్లాడు. వెనక నేను వెళ్లాను. అంతకుముందు రోజు ఈ ఇంటివాళ్లు ఏమీ అమ్ముకోలేదని అసూయ పడ్డాను. ఇప్పుడు వాళ్లు అమ్ముకున్న తీరు చూసి పడ్డాను. రెండోది ఎక్కువ బాధించింది. మొదటిది అదృష్టం అని సరిపెట్టుకోవచ్చు.

గాలి

శనివారం మద్దిలేటి మాంసం ముట్టడు, వెంకటేశ్వరుడికి. చేపల బజారు పక్కన ఒక బండిమీద కాగే నూనెలో పల్చటి పిండి మడతలు వేయిస్తుంటే, గుడ్డు లేదు కదా అని నాచేత అడిగించాడు. గుడ్డు లేదన్నారు. కొన్నాడు. కొరికాడు. గుడ్డు లేదు, నిజమే. చేప ఉంది. నేను చేప సంగతి అడగలేదు, అతను అడగమనలేదు.

"నీ ఇంగ్లీషు తగలెయ్య!" అంటూ సముద్రంలో మూడు మునకలు వేసి వచ్చాడు. వేరే దేశంలో శనివారం లెక్కలోకి రాదేమోనని కూడా అడిగాడు. నాకు తెలియదన్నాను.

ఊరి చివర, నేల సముద్రంలో అయిపోయే చోట, తెల్లటి సమాధులు. గోడ లేదు, గేటు లేదు. గడ్డి మధ్య వరసలుగా నీళ్లదాకా దిగుతాయి. మా ఊళ్లో వంశం పేరున్న సమాధి చుట్టూ ఇనుపచువ్వలు కడతారు. అక్కడ ఏది ఎవరిదో బయటివాడికి తెలియదు. హేదీ తాత కూడా అందులో ఎక్కడో ఉన్నాడట.

గాలి ఒక్కసారిగా లేచి నా కండువా ఎత్తుకుపోయింది. జరీ అంచు కండువా, మా నాన్నగారిది, మా మగ్గాలమీద చివర నేసిన వాటిలోది. సమాధి మీదనుంచి సమాధికి ఎగురుతూ పోయింది. నేను పరుగెత్తను. పరుగెత్తడం నాకు రాదు. తడి బట్టలతో మద్దిలేటి పరుగెత్తాడు, సమాధులను తొక్కకుండా గెంతుతూ, "ఆపండప్పా, ఆపండి!" అని తెలుగులో అరుస్తూ. నీళ్లు తగలకముందే పట్టుకున్నాడు.

తెచ్చి ఇచ్చే ముందు అంచు వేళ్లమధ్య రుద్ది చూశాడు.

"ఇది మా నాయన చెయ్యి" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"అంచు కాడ ఒక పోగు బిగువు ఎక్కువ. మా నాయన కుడిచెయ్యి అట్లా. గోవిందన్నకూ అదే వచ్చినాది. ఎంత తిట్టినా పోలేదు."

నేను ముప్పై ఏళ్లుగా ఆ కండువా వేసుకుంటున్నాను. అది మా ఇంటిదని మాత్రమే నాకు తెలుసు.

ఇద్దరం రాతిమీద కూర్చున్నాం. కండువా మడత పెట్టుకుంటూ అడిగాను. "మీ నాయనకు మా తలుపంటే కోపం ఉండేదా?"

"కోపం యాడిదప్పా. ఆ తలుపు కాడ చెప్పులిడిసి నిలబడేవాడు కదా, తల వంచుకోనుంటాడని నువ్వనుకుంటాండావు. లేదు. పైన నాడె ఉంది కదా, దాన్నే చూస్తా నిలబడేవాడంట. ఇంటికొచ్చి మా అమ్మకు చెప్పేవాడు, ఎంత బాగా చెక్కినారే అని." అతను గులకరాయి ఒకటి సముద్రంలోకి విసిరాడు. "నాకు అది కావాలని అందుకే. నీ గొప్పకు కాదు. సరేలే. ప్రమాణం చేసినా, మాట్లాడను."

తిరిగి వచ్చాక

వచ్చిన వారం నేను గోవిందు షెడ్డుకు వెళ్లాను. అరవై ఏళ్లలో అదే మొదలు. రేకుల సందులోంచి పడుగుమీద నీళ్లు పడకుండా ఎరువుల సంచులు కుట్టి కప్పాడు. నన్ను చూసి గుంటలోంచి లేవబోయాడు. వద్దన్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర, తలుపు మద్దిలేటికి ఇచ్చేసి ఇనుపది పెట్టిద్దామని నా భార్య గిరిజతో చెప్పాను. ఆమె కాస్త కూడా ఆశ్చర్యపోలేదు.

"చలికాలమంతా ఆ రెక్కల సందులోంచి గాలి కొడతాది. ఇనుపదైతే బిర్రుగా ఉంటాది" అంది.

మద్దిలేటికి నేనే ఫోను చేశాను. తలుపు తీసుకుపొమ్మన్నాను.

"నేను అడగలే శెట్టెప్పా" అన్నాడు. "ప్రమాణం చేసినా కదా."

ధర కింద ఒక్కటే అడిగాను. గోవిందు మగ్గం మా నడవలోకి రావాలని. వచ్చింది. పాత కొసలు కోయకుండా, పోగులు దూర్చిన దువ్వెనలాంటి అచ్చుతో సహా చాపలో చుట్టి, నలుగురు పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చారు. మగ్గం గోవిందుది, చీర గోవిందుది, నడవ మాది. మధ్యాహ్నాలు పక్కన కూర్చుంటాను. బూడిద అద్దుకుని మెలిపెట్టడం నేర్పుతున్నాడు. నావి పదింటికి ఏడు ఊడిపోతాయి. "పర్వాలేదులే అప్పా" అంటాడు, నేను లేచిపోయాక మళ్లీ అన్నీ తానే అతుక్కుంటాడు. అది నాకు తెలుసు.

మద్దిలేటి గృహప్రవేశానికి ఆదోని వెళ్లాను. తలుపుకు నూనె పట్టించి, ఇత్తడి పువ్వులు చింతపండుతో తోమించి, నాడె కనబడేలా పైన దీపం పెట్టించాడు. మా ఇంట్లో ఉన్నప్పుడు అది అంత బాగా లేదు. ఎంత వద్దనుకున్నా కడుపులో ఆ మంట మళ్లీ లేచింది. రోడ్డుమీద నిలబడి చూసినంతసేపూ చూశాను. లోపల జనం, మేళం. రెక్కలు దగ్గరగా వేసి ఉన్నాయి. పక్కన కాలింగ్ బెల్ ఉంది.

పుట్టినప్పటినుంచీ ఆ తలుపు నాకోసం ఎవరో ఒకరు తీస్తూనే ఉన్నారు. బయటినుంచి నేను ఎప్పుడూ తట్టలేదు. గొలుసు పట్టుకుని మూడుసార్లు కొట్టాను. ఆ చప్పుడు మంచి చప్పుడు, నిండుగా, లోపల చాలా దూరం పోయేది. నాగన్న విన్న చప్పుడు అదే అయి ఉండాలి.

"యెవరప్పా అది? గడియ లేదు, తోసుకోని రాండి!" అని లోపలినుంచి మద్దిలేటి గొంతు. తర్వాత రెక్క తీసి నన్ను చూసి, "ఓ శెట్టెప్పా! నువ్వు తట్టేదేంది?" అన్నాడు.

చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.

మగ్గాలు మా నాన్నగారు అమ్మారు. తలుపు నేను అమ్మాను.